మిఖాయిల్ ఫోకిన్ – ఏకాంక నృత్యరూపక శిల్పి

ప్రతి కళకూ ఒక శాస్త్రం ఉంటుంది. శాస్త్రం కళకు వెన్నెముక వంటిది. కాని కాలక్రమాన శాస్త్రంలోని అర్థం మరుగునపడి, ఆచారం మాత్రమే మిగిలిన దశ ఒకటి వస్తుంది. అట్టి దశలో శాస్త్రాన్ని క్షుణ్ణంగా నేర్చినవాడే దానిని ప్రశ్నించడానికి అర్హుడు. ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్ళలో రష్యా దేశపు బాలే నృత్యాన్ని ఆ విధంగా ప్రశ్నించిన మిఖాయిల్ ఫోకిన్ జీవితాన్ని మేము ఇక్కడ సంగ్రహంగా పరిచయం చేయదలచినాము.

ఫోకిన్ 1880 ఏప్రిల్ మాసంలో సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలో ఒక వర్తకుని ఇంట జన్మించినాడు. తొమ్మిదవ ఏట జారు ప్రభుత్వపు నాట్య పాఠశాలలో చేరి, 1898లో మరీన్‌స్కీ రంగస్థలంపై నర్తకుడుగా అడుగుపెట్టినాడు. చిత్రలేఖనంలోను, సంగీతంలోను అతనికి గల అభిరుచి సామాన్యమైనది కాదు. ఆ రెండు కళలతో పోల్చి చూచినప్పుడు తన వృత్తిలోని వెలితి అతనికి స్పష్టంగా గోచరించినది.

ఆనాటి బాలే సాయంకాలమంతా సాగే పెద్ద ప్రదర్శన. కథ ఈజిప్టుదైనా, భారతదేశానిదైనా నాయిక ధరించేది అదే పొట్టి గుబురు పావడా, అవే పట్టు పాదరక్షలు. కథను నడిపేది చేతులతో చేసే మూకాభినయం. దానికి సంకేతాలు ఏనాడో స్థిరపడినవి. నడుమ కథ నిలిచిపోయి, నాయిక తన నైపుణ్యం చూపి, కరతాళధ్వనులు అందుకొని తిరిగి కథలోనికి వచ్చేది. వాచికం, ఆహార్యం, ఆంగికం ఒకే రసానికి లోబడవలెనని బోధించే నాట్యశాస్త్ర సంప్రదాయం గల మనకు ఇందలి లోపం వెంటనే బోధపడగలదు.

ఫోకిన్ ప్రతిఘటన కేవలం కళారంగానికే పరిమితం కాలేదు. 1905లో రష్యా అంతటా అలజడి చెలరేగినప్పుడు నర్తకులు కూడ సమావేశమై, తమ నిర్వాహకులను తామే ఎన్నుకొనే హక్కు కావాలని కోరినారు. వారి ప్రతినిధులలో ఫోకిన్ ఒకడు. ఆ ఉద్యమం విఫలమైనది. అధికారుల అనుమానం మాత్రం అతనిపై నిలిచిపోయినది. 1907లో ‘యూనిస్’ అనే రూపకంలో ప్రాచీన కాలానికి తగినట్లు పాత్రలు వట్టికాళ్ళతో నర్తించవలెనని అతడు భావించినాడు. రంగస్థల నియమాలు అందుకు అంగీకరించలేదు. నర్తకుల మేజోళ్ళపై కాలివ్రేళ్ళను రంగులతో చిత్రించి అతడు తన పని నెరవేర్చుకొన్నాడు!

1909లో సెర్గీ ద్యాగిలేవ్ రష్యన్ నర్తకులను పారిస్ నగరానికి తీసికొనివెళ్ళడంతో ఫోకిన్ ప్రతిభకు విశాలమైన వేదిక లభించినది. ఒక అంకంలో, ఒక భావాన్ని, ఒక సంగీత రచనను ఆశ్రయించి ముగిసే రూపకమే అతని ప్రత్యేకత. షోపెన్ సంగీతానికి కూర్చిన ‘లే సిల్ఫీద్’లో కథ అసలే లేదు. వెన్నెలలో తెల్లని రూపాలు కదలాడడమే అందలి ఇతివృత్తం. 1910లో ‘అగ్నిపక్షి’కి సంగీతం సమకూర్చిన స్ట్రావిన్‌స్కీ అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళ యువకుడు. ఆ ఇరువురూ కలిసి నిర్మించిన 1911 నాటి ‘పెత్రూష్కా’లో జాతరలోని ఒక తోలుబొమ్మలాటగాని బొమ్మకు మానవ హృదయం ఉంటుంది, అదే దాని దుఃఖం. ముడుచుకొనిపోయిన దాని భుజాలు, లోపలికి తిరిగిన పాదాలు చూచినంతనే ప్రేక్షకునికి ఆ దైన్యం తెలియును. చేతి సంకేతాల అవసరం అక్కడ లేదు.

మన పాఠకులకు ‘షెహరజాదే’ను గూర్చి ప్రత్యేకంగా చెప్పవలెను. 1910లో పారిస్ నగరాన్ని ఉర్రూతలూగించిన ఈ రూపకానికి మూలం అల్ఫ్ లైలా కథలే. రిమ్‌స్కీ కోర్సకోవ్ సంగీతం, బాక్స్త్ చిత్రించిన రంగాలంకరణ దానికి వన్నె తెచ్చినవి. కాని ఆ కథలకు ప్రాణమైన షెహరజాదే అందులో కనిపించదు. రాణి ద్రోహం, సుల్తాను ఆగ్రహం, అంతఃపురంలో జరిగే ఊచకోత మాత్రమే ఉంటాయి. కథలు చెప్పి ప్రాణాలు కాపాడిన వివేకవతి స్థానంలో ఐరోపా ప్రేక్షకులు చూడగోరిన అంతఃపుర విలాసం నిలిచినది. దేశకాలాలకు తగిన కదలికలను వెదకవలెనని పట్టుబట్టిన ఫోకిన్, తూర్పు దేశాల విషయంలో తన నియమాన్ని సంపూర్ణంగా పాటించలేదని మేము భావిస్తున్నాము. ఇంత మాత్రాన ఆ నియమం విలువ తగ్గదు.

1912లో ద్యాగిలేవ్ అభిమానం నిజిన్‌స్కీ వైపు మళ్ళినది. రావెల్ సంగీతంతో తాను కూర్చిన ‘దాఫ్నిస్, క్లోయీ’కి అన్యాయం జరిగినదని ఫోకిన్ ఆ సంస్థను విడిచినాడు. 1914లో తిరిగివచ్చి ‘బంగారు కోడిపుంజు’ను కూర్చినాడు. అదే సంవత్సరం జూలైలో లండన్ ‘టైమ్స్’ పత్రికకు వ్రాసిన లేఖలో తన సిద్ధాంతాలను ఐదుగా ప్రకటించినాడు. సిద్ధంగా ఉన్న అడుగులను పేర్చక, విషయానికి తగిన రూపం సృష్టించవలెను. నృత్యం కథాభావాన్ని వ్యక్తం చేయవలెను. చేతులు మాత్రమే కాక శరీరమంతా మాట్లాడవలెను. బృందం అలంకారం కాక, అర్థవంతం కావలెను. సంగీతం, చిత్రలేఖనం నృత్యానికి దాసీలు కాక, సమాన సహచరులు కావలెను. అతని బోధ సారాంశం ఇదే.

విప్లవానంతరం 1918లో ఫోకిన్ స్వదేశం వీడినాడు. స్కాండినేవియా దేశాల మీదుగా అమెరికా చేరి, న్యూయార్క్‌లో పాఠశాల స్థాపించి, 1932లో ఆ దేశ పౌరుడైనాడు. అక్కడ అతని కాలం సుఖంగా గడవలేదు. అతడు తెరచిన దారిలోనే నడిచిన కొత్త తరం అతనిని పాతకాలపు మనిషిగా ఎంచినది. అయినను 1939లో లండన్‌లో ‘పగనీని’ని, 1941లో ‘బ్లూబియర్డ్’ను ప్రదర్శించి, 1942 ఆగస్టు 22న తన అరువది రెండవ ఏట న్యూయార్క్‌లో కన్నుమూసినాడు.

అన్నా పావ్లోవా కొరకు అతడు కూర్చిన ‘మరణించే హంస’ కొద్ది నిమిషాల నృత్యం మాత్రమే. సాన్ సాన్స్ సంగీతానికి ఒక పక్షి ప్రాణం కోసం పెనుగులాడి రెక్కలు ముడుచుకొంటుంది. అందులో కథ లేదు, ఆడంబరం లేదు, కష్టమైన విన్యాసాల ప్రదర్శన లేదు. ప్రేక్షకుని కంటితోపాటు హృదయాన్ని కూడ కదిలించగల శక్తి నృత్యానికి కలదని ఆ కొద్ది నిమిషాలే నిరూపించినవి. నేర్చిన విద్యను పూర్తిగా నేర్చి, ఆ పిమ్మట అందులో ఏది జీవమో ఏది అలవాటో వివేచించుకోవడం ఏ శాస్త్రం చదివే విద్యార్థికైనా అవసరమే. ఫోకిన్ జీవితం నుండి మన విద్యార్థులు గ్రహింపదగినది ఇదేయని మా విశ్వాసం.