కార్వరు: అనాథబాలుని ఆచార్యుని చేసిన గృహములు

వేరుసెనగ పైరును గూర్చి పాఠము చెప్పు ఉపాధ్యాయులు జార్జి వాషింగ్టన్ కార్వరు పేరును తరచుగా స్మరింతురు. ఏటేట ప్రత్తినే పండించుటచే సారము చెడిన అమెరికా దక్షిణ రాష్ట్రముల నేలలకు వేరుసెనగ, అలసంద, చిలగడదుంప పైరులతో తిరిగి బలము చేకూర్చవచ్చునని బీదరైతులకు బోధించిన శాస్త్రజ్ఞు డాయన. ఆ కథ ప్రసిద్ధమైనది. తల్లిదండ్రులు లేని ఒక బానిసబిడ్డ కళాశాల గడప ఎట్లు దాటెను, దాటిన పిదప అచట ఎట్లు నిలద్రొక్కుకొనెను అను కథ అంత ప్రసిద్ధము కాదు. ఉపాధ్యాయులును విద్యార్థులును ముఖ్యముగా తెలిసికొనదగినది ఈ రెండవ కథయే.

కార్వరు 1864 ప్రాంతమున మిస్సోరీ రాష్ట్రములోని డైమండ్ గ్రోవ్ సమీపమున జన్మించెను. బానిసల బిడ్డలకు జాతకములు లేవు. కావున ఆయన పుట్టిన దినము ఎవరికిని నిశ్చయముగా తెలియదు. తల్లి మేరీ, మోజెస్ కార్వరు అను రైతుకు బానిస. తండ్రిని ఆ బిడ్డ ఎరుగడు. అంతర్యుద్ధపు దినములలో దోపిడిగాండ్రు తల్లిని, పసిబిడ్డను ఎత్తుకొనిపోయిరి. మోజెస్ పంపిన మనిషి బిడ్డను మాత్రమే వెనుకకు తేగలిగెను. అందులకు ప్రతిఫలముగా మోజెస్ ఒక గుఱ్ఱము నిచ్చెనని చెప్పుదురు. తల్లి జాడ మరల తెలియలేదు.

1865లో బానిసత్వము రద్దయిన పిదప మోజెస్, ఆయన భార్య సుసాన్ ఆ పిల్లవానిని, అతని అన్న జిమ్మును తమ యింటనే ఉంచుకొని పెంచిరి. జార్జి బలహీనుడు, పొలముపనికి తగినవాడు కాడు. అందుచే సుసాన్ అతనికి వంట, కుట్టుపని, బట్టలుతుకుట నేర్పెను. అక్షరములు కూడ ఆమెయే దిద్దించెను. తక్కిన వేళలయందు అతడు అడవిమొక్కలను తెచ్చి పెంచుచుండెను. చుట్టుప్రక్కలవారు వాడిన మొక్కలను అతనికి చూపించి వైద్యము చేయించుకొనుచుండిరి. కాని సమీపములోని బడి తెల్లవారి పిల్లలకే గాని అతనికి కాదు.

పండ్రెండేండ్ల ప్రాయమున అతడు నల్లజాతి పిల్లల బడి ఉన్న నియోషో పట్టణమునకు ఒంటరిగా నడచిపోయెను. అచట ఆండ్రూ వాట్కిన్స్, మరయా వాట్కిన్స్ అను నల్లజాతి దంపతులు అతనిని చేరదీసిరి. మరయా మంత్రసాని, బట్టలుతికి జీవించునది. అంతవరకు అతడు కార్వరుగారి జార్జి. ఒకరి సొత్తువలె చెప్పుకొనవలదనియు, ఇకమీదట జార్జి కార్వరు అని చెప్పుకొనుమనియు ఆమె అతనికి బోధించెనట. బడి ఆ యింటి ప్రక్కనే యుండెను. విరామ సమయమున అతడు ఇంటికి వచ్చి, ఎదుట పుస్తకము తెరచి యుంచుకొని, బట్టలు ఉతుకుచుండెను. నేర్వగలిగినదంతయు నేర్చి, ఆ విద్యను తిరిగి తనవారికి పంచిపెట్టుమని మరయా కోరెను. జీవితాంతము అతనిని నడిపించిన మాట ఇదియే.

ఆ బడిలోని చదువు త్వరలోనే ముగిసెను. జార్జి కాన్సాస్ రాష్ట్రములోని ఫోర్టు స్కాట్ పట్టణమునకు చేరెను. అచట 1879లో ఒక నల్లజాతి మనుష్యుని జనసమూహము చంపుట కన్నులార చూచి, భయపడి ఆ యూరు విడిచెను. తరువాత సీమర్ దంపతులు అతనికి ఆశ్రయమిచ్చిరి. వంటచేయుచు, బట్టలుతుకుచు అతడు ఉన్నతపాఠశాల చదువు సాగించెను.

హైలాండ్ కళాశాలకు అతడు దరఖాస్తు పంపగా ప్రవేశము లభించినట్లు ఉత్తరము వచ్చెను. ఉన్న వస్తువులు కట్టుకొని అతడు కళాశాలకు వెళ్లెను. అతని శరీరచ్ఛాయను చూచిన పిదప అధికారులు ప్రవేశము లేదనిరి. తల్లిదండ్రులు గలవాడు అట్టి దినమున ఇంటికి పోయి ఏడ్వగలడు. కార్వరు కాన్సాస్ పశ్చిమభాగమునకు పోయి, పచ్చికతో కూడిన మట్టిపెళ్లలతో ఇల్లు కట్టుకొని, ఎండిన నేలను దున్నెను. కొన్ని సంవత్సరములు కళాశాల మాట తలపెట్టలేదు.

ఒకమారు త్రోసివేయబడినవాడు మరల తలుపు తట్టుటకు జంకును. అయోవా రాష్ట్రములోని వింటర్‌సెట్ పట్టణమునకు వచ్చినపుడు కార్వరుకు మిల్‌హాలండ్ అను వైద్యుని కుటుంబముతో పరిచయము కలిగెను. వారు అతనిని ఇంటికి పిలిచి, అతని పాటను, చిత్రలేఖనమును మెచ్చుకొని, ఇండియనోలాలోని సింప్సన్ కళాశాలలో చేరుమని పదేపదే ప్రోత్సహించిరి. 1890లో అతడు చేరెను. రుసుము చెల్లించిన పిదప చేతిలో పది సెంట్లు మిగిలెను. అయిదు సెంట్లకు మొక్కజొన్నపిండి, అయిదు సెంట్లకు క్రొవ్వు కొని, దానితో ఒక వారము గడపెను. ఒక పాత గుడిసెలో నివసించుచు విద్యార్థుల బట్టలు ఉతికెను. అతడు తరగతిలో నున్న వేళ సహాధ్యాయులు ఆ గుడిసెలో మంచము, బల్ల, కుర్చీలు అమర్చి పోయిరనియు, ఇచ్చిన దెవరో తెలియనీయలేదనియు చెప్పుదురు. దానము పుచ్చుకొనుటకు ఇష్టపడని యువకునికి తగిన సహాయ మది.

చిత్రలేఖనము బోధించిన ఎట్టా బడ్ అతని చిత్రములలోని మొక్కలను శ్రద్ధగా చూచెను. చిత్రకళతో నల్లజాతి యువకునికి జీవనము జరుగుట కష్టమని తలచి, తన తండ్రి ఆచార్యుడుగా నున్న ఏమ్స్ వ్యవసాయ కళాశాలకు పొమ్మని సలహా ఇచ్చెను. 1891లో కార్వరు అచటికి పోయెను. ఆ కళాశాలలో మొదటి నల్లజాతి విద్యార్థి అతడే.

ప్రవేశము దొరికినంత మాత్రమున చదువు సాగదని ఏమ్స్‌లో తేటతెల్లమయ్యెను. భోజనశాలలో తక్కిన విద్యార్థులతో కూర్చుండుటకు అతనికి అనుమతి లేకపోయెను. నేలమాళిగలో పనివారితో కలిసి తినవలసి వచ్చెను. ఈ సంగతి ఇండియనోలాలోని స్నేహితురాలు శ్రీమతి లిస్టన్‌కు తెలిసెను. ఆమె మంచి దుస్తులు ధరించి, రైలెక్కి వచ్చి, పగలంతయు అందరు చూచుచుండగా కార్వరుతో కళాశాల ఆవరణలో నడచి, నేలమాళిగలో అతని ప్రక్కనే కూర్చుండి భుజించెను. ఆమె ఎవరిని నిందింపలేదు. ఆనాటినుండి పరిస్థితి మెరుగుపడెను. కార్వరు చదువు మానక నిలుచుటకు ఆ ఒక్క భోజనము ఎంతో తోడ్పడెను.

1892లో రాష్ట్ర చిత్రకళా ప్రదర్శనమునకు పోవుటకు అతనికి తగిన దుస్తులు లేకపోగా, మిత్రులు అతనిని దుకాణమునకు కొనిపోయి దుస్తులు కొని, రైలుటిక్కెట్టు చేతిలో పెట్టిరి. అతని చిత్రము 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనములో ప్రశంస పొందెను. 1894లో పట్టము పుచ్చుకొని, అచటనే ఉపాధ్యాయుడై, 1896లో ఉన్నతపట్టమును కూడ పొందెను. ఆ కాలమున ఒక ఆచార్యుని చిన్నకుమారుని వెంటబెట్టుకొని పొలముల వెంట తిరుగుచు మొక్కల పేర్లు నేర్పెను. ఆ బాలుడు హెన్రీ వాలెస్. 1941లో అమెరికా ఉపాధ్యక్షుడయ్యెను.

1896లో బుకర్ వాషింగ్టన్ పిలువగా కార్వరు అలబామాలోని టస్కెగీ విద్యాలయమునకు పోయి, మరణము వరకు అచటనే పనిచేసెను. బడికి రాలేని రైతులకొరకు 1906లో సాధనములతో నిండిన బండిని గ్రామములకు పంపెను. వివాహమాడలేదు, శిష్యులనే బిడ్డలుగా భావించి, వారు విద్యాలయము విడిచిన పిదప కూడ ఉత్తరములు వ్రాయుచుండెను. 1940లో తన పొదుపు సొమ్ముతో పరిశోధనకొరకు ఒక నిధిని నెలకొల్పెను. 1943 జనవరి 5న కన్నుమూసెను. మరయా కోరినట్లు, నేర్చినదానిని తనవారికి తిరిగి ఇచ్చివేసెను.

పరాయి యిండ్లలోను, శరణాలయములలోను పెరిగిన పిల్లలు కళాశాలలో చదువుటకు తోడ్పడు చట్టము అమెరికాలో 1999లో వచ్చెను. మన దేశమున 2015 నాటి బాలన్యాయ చట్టము, పదునెనిమిదేండ్లు నిండి గృహము విడుచు పిల్లలకు అటుపై కూడ సహాయము చేయవచ్చునని చెప్పుచున్నది. చట్టము ధనము నీయగలదు. దరఖాస్తు వ్రాయునపుడు ప్రక్కన కూర్చుండుట, సెలవులలో ఇంటికి పిలుచుట, తరగతిలో ఒంటరియైన వానితో కలిసి భుజించుట మనుష్యులు చేయవలసిన పనులు. మీ తరగతిలో చిరునామా అడిగినపుడు తడబడు విద్యార్థి యున్నచో, ఉపాధ్యాయులారా, అతని చదువు ముగియువరకు అతనిని కనిపెట్టి యుండుడు. విద్యార్థులారా, అతని ప్రక్కన కూర్చుండుడు.