హ్యూముగారి పక్షులు

ఫాల్గుణ చైత్రముల నడుమ ఉత్తర హిందూస్థానమున ఏటేట నొక మహాప్రయాణము సాగును. శీతకాలమంతయు గంగాయమునల నడుమనున్న మడుగులలో మేత మేసిన నీటిపక్షులు ఎండలు ముదురక మునుపే లేచి, బారులు తీర్చి, హిమాలయములను దాటి టిబెట్టునకును సైబీరియాకును పోవును. ఆ దినములందే సిమ్లా కొండలపై బురాంశు వృక్షములు ఎఱ్ఱగా పూయును. దేవదారు వనములలో పిట్టలు జంటలు గట్టి గూళ్లకు పుల్లలు ఏరుకొనును. ఈ రాకపోకలను సంవత్సరముల తరబడి వ్రాసిపెట్టిన మహాశయుడు ఆలన్ ఆక్టేవియన్ హ్యూము. కాంగ్రెసు మహాసభకు మూలపురుషులలో నొకరుగా ఆయనను మన పాఠకులు ఎఱుగుదురు. పక్షిశాస్త్రజ్ఞుడుగా ఎఱిగినవారు అరుదు. ఈ రెండు కార్యములును ఒక్క గుణమునుండియే పుట్టినవని మా యభిప్రాయము.

హ్యూముగారు 1829లో ఇంగ్లండున జన్మించిరి. తండ్రి జోసెఫ్ హ్యూము పార్లమెంటులో పేరుపడిన సంస్కరణవాది. కుమారుడు 1849లో ఈ దేశమునకు సివిలు ఉద్యోగిగా వచ్చి, 1856 నాటికి యమునాతీరమందలి ఇటావా జిల్లాకు కలెక్టరయ్యెను. అచ్చట ప్రజల తోడ్పాటుతో నూటయెనుబదికి పైగా పాఠశాలలు నెలకొల్పెను. 1857 విప్లవమున ఆయన కంపెనీ పక్షముననే పోరాడినమాట నిజము. దానిని మేము దాచబోము. అయినను దోషము దుష్పరిపాలనదేనని పలికి, ఉరిశిక్షల విషయమున ఇతరులకంటె మిక్కిలి నిగ్రహము చూపినవాడు. ఆ కల్లోలమున ఆయన తొలుత కూర్చిన పక్షిసంగ్రహము నశించెను. ఆయన దిగులుపడి ఊరకుండక, మరల మొదటినుండి ఆరంభించెను.

ఇటావా మడుగులలో ఆయన మనస్సును హరించినది సైబీరియా తెల్లక్రౌంచము. ఒడలెల్ల తెలుపు, ముఖము ఎఱుపు. రెక్క విప్పినప్పుడు మాత్రమే కొసలయందలి నలుపు కానవచ్చును. శరత్తు చివర వచ్చి వసంతమున మరలిపోవు నీ పక్షి జంటజంటగా, వెంట సాధారణముగా ఒక్క పిల్లతో, లోతులేని నీటిలో తుంగగడ్డలు త్రవ్వుకొని తినుచు కాలము గడపును. ఆ దేశముననే యుండిపోవు సారసములతో దీనిని పోల్చి, దీని మేతను, నడవడిని, పిల్లలపై తల్లిదండ్రులకు గల మమకారమును హ్యూముగారు ప్రచురించిన వర్ణన చదివినచో, కచేరిలో సంతకములు చేయు కలెక్టరు వేఱు, మడుగుగట్టున గంటలకొలది ఓపికతో నిలుచు నీ మనుష్యుడు వేఱు అనిపించును.

1867లో ఆయన సుంకముల శాఖకు కమీషనరయ్యెను. సింధునదినుండి మహానది వఱకు రెండువేల మైళ్లకు పైగా సాగిన సుంకపు హద్దున చాలమేర ముండ్లకంచె యొకటి ఆనాడుండెడిది. బీదవాని యుప్పుపై పన్ను తప్పిపోకుండుటకై సర్కారు పెంచిన కంచె యది. 1879లోగాని అది రద్దుకాలేదు. దానికి కావలిపెద్దగా నుండుట ఆయన చరిత్రలో ఒక చేదు ఘట్టము. ఆ యుద్యోగమే ఆయనను రాజపుత్రస్థానపు ఉప్పునీటి సరస్సుల వఱకు త్రిప్పెను. ఎఱ్ఱరెక్కల రాజహంసలు గుంపులు గుంపులుగా మేయు సాంబరు సరస్సున ఉప్పుశాఖ యుద్యోగి యొకడు పక్షుల పట్టిక వ్రాసి పంపగా, హ్యూముగారు తమ పత్రికలో అచ్చువేసిరి.

ఆ పత్రిక పేరు స్ట్రే ఫెదర్సు. రాలిన యీకలని దాని యర్థము. 1872లో ఆరంభమైన యా పత్రికకు సైనికులు, కాలువల యింజనీర్లు, అడవి యధికారులు, తోటల యజమానులు తాము కన్నదానిని వ్రాసి పంపెడివారు. ఏ పక్షి ఏ నెలలో వచ్చెను, ఎచట గూడు కట్టెను, ఎన్ని గ్రుడ్లు పెట్టెను అని ఆయన యడుగును. జవాబులను సరిపోల్చి తేల్చును. సిమ్లాలో జాఖూ కొండపైనున్న ఆయన గృహము రోత్నీ కాసిల్ ఈ దేశపు పక్షుల కచేరియయ్యెను. అయితే ఆ కాలపు శాస్త్రము తుపాకిని వీడలేదు. చంపి చర్మమొలిచి దాచినగాని పక్షిని ఎఱిగినట్లు కాదు. అడవిదారి చూపి, పిట్టను కూతచేతనే పోల్చి చెప్పిన దేశీయులలో ననేకుల పేర్లు ఏ గ్రంథమునను నిలువలేదు. ఈ రెండు లోపములును ఒప్పుకొనవలసినవే.

వ్యవసాయశాఖ కార్యదర్శిగా నున్నప్పుడు రైతు కష్టములను ఆయన ఈ పద్ధతినే పరిశీలించెను. పేడ పిడకలై కాలిపోక పొలమునకు ఎరువు కావలెనన్నచో గ్రామములందు వంటచెఱకు తోటలు పెంచవలెనని వాదించెను. పైవారికి ఆయన నిష్కపటపు మాటలు రుచింపలేదు. 1879లో ఆ పదవినుండి తొలగించిరి. 1882లో ఆయన ఉద్యోగమే విరమించెను. అప్పటికే దివ్యజ్ఞాన సమాజమున చేరి, మాంసము మాని, తుపాకి దించివేసెను. 1883 మార్చి 1వ తేదీన కలకత్తా విశ్వవిద్యాలయ పట్టభద్రులకు లేఖ వ్రాసి, దేశముకొఱకు స్వార్థము విడువగల యేబదిమంది దొరకరా యని యడిగెను.

ఇంతలో గొప్ప విపత్తు కలిగెను. ఇరువది యైదేండ్లుగా కూర్చిన వ్రాతప్రతులను, తాను ఇంట లేని శీతకాలమున, పనివాడొకడు సిమ్లా బజారులో చిత్తుకాగితముల క్రింద అమ్మివేసెను. హిందూదేశ పక్షులన్నిటిపై వ్రాయదలచిన మహాగ్రంథము దానితో అంతరించెను. మనస్సు విఱిగిన హ్యూముగారు 1885లో తమ సంగ్రహమును లండను మ్యూజియమునకు ధారపోసిరి. సుమారు 63,000 పక్షిచర్మములు, 18,500 గ్రుడ్లు సిమ్లా కొండ దిగి సముద్రము దాటెను. ఆ సంవత్సరమే డిసెంబరు 28వ తేదీన బొంబాయిలో 72 మంది ప్రతినిధులతో కాంగ్రెసు మొదటిసారి సమావేశమయ్యెను. మన గుత్తి కేశవపిళ్లగారును అందొకరు. నలుమూలలనున్నవారిని ఉత్తరములతో కూడగట్టుట, విన్నదానికంటె కన్నదానిని నమ్ముట, చిన్నవానిమాటనైనను లెక్కలోనికి తీసికొనుట యను నేర్పును పక్షులకొఱకు అలవరచుకొన్నవాడు దానినే ప్రజలకొఱకు వినియోగించెను. 1894లో ఆయన ఇంగ్లండునకు మరలి, వృక్షశాస్త్రమున కృషిచేయుచు, 1912 జూలై 31వ తేదీన పరమపదించెను.

ఆయన పక్షుల సంగతి యేమైనది? నైనితాలు కొండల హిమాలయపు పూరేడు 1876 తరువాత నిశ్చయముగా ఎవరికిని కనబడలేదు. బీహారు, వంగదేశముల చిత్తడినేలలందలి గులాబితల బాతు ఇరువదవ శతాబ్ది నడిమికే మాయమయ్యెను. ఇటావా తెల్లక్రౌంచములకు చివర మిగిలిన చోటు భరతపురపు మడుగులు. దూరమార్గమందలి వేటచే తఱిగి తఱిగి, 2002లో చివరి జంట వెళ్లిపోయి మరల రాలేదు. ఆ జాతి నేడు చీనాదేశమున చలికాలము గడుపు గుంపుతోనే బ్రతికియున్నది. సారసములు మాత్రము నేటికిని ఇటావా, మైన్పురి పొలములలో జంటలుగా తిరుగుచున్నవి; ఏలన, అచ్చటి రైతు వానిని తన పొలముపాలివారిగా నెంచి కొట్టడు.

మా పాఠకులలో పొలములును చెరువులును గలవారు పెక్కురు. ఉత్తరపు బాతులలో కొన్ని మన కొల్లేటివఱకును వచ్చి పోవును. చెరువుగర్భమును దున్ని ఎకరము కలుపుకొన్నవాడు ఆ లాభమును దస్తావేజులో చూపగలడు. పోయిన పక్షి ఏ దస్తావేజునను కానరాదు. హ్యూముగారి చర్మములు పరదేశపు పెట్టెలలో భద్రముగా నున్నవి, కాని వసంతమున ఎగిరిపోవు బారులను ఏ పెట్టెయు దాచలేదు. ఆ లెక్క వ్రాయవలసినవారమును, ఆ నీటిని నిలుపవలసినవారమును మనమే.