రాల్ఫ్ టీటర్

మనిషికి జ్ఞానేంద్రియాలు ఐదు. వాటిలో నేత్రానికి పెద్దలు ప్రథమ స్థానం ఇచ్చారు. చూపు లేనివాని బ్రతుకు చీకటి అని లోకం అనుకొంటుంది. కాని లోకం అనుకొన్నదంతా సత్యం కాదు. ఐదేళ్ల వయస్సులో చూపు పోగొట్టుకొని, జీవితంలో ఏనాడూ కారు నడపలేకపోయిన ఒక వ్యక్తి, కోట్లాది చోదకులకు ఉపకరించే సాధనాన్ని రూపొందించాడు. కారు వేగాన్ని స్థిరంగా నిలిపే ‘క్రూయిజ్ కంట్రోల్’ అనే సాధనం అది. ఆ వ్యక్తి అమెరికా దేశానికి చెందిన యంత్రశాస్త్రజ్ఞుడు రాల్ఫ్ టీటర్.

రాల్ఫ్ టీటర్ 1890 ఆగస్టు 17వ తేదీన ఇండియానా రాష్ట్రంలోని హేగర్స్‌టౌన్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి జాన్, తల్లి కేట్. టీటర్ల వంశంలో యంత్రవిద్య వంశపారంపర్యంగా వచ్చిన సంపద వంటిది. పినతండ్రి, పెదతండ్రుల వరుసవారందరూ పనిముట్లతోనే కాలం గడిపేవారు. వారిలో చార్లెస్ టీటర్ అనే ఆయన రైలు పట్టాలపై తొక్కుకొంటూ పోదగిన ఒక తేలికబండిని తయారుచేశాడు. రైలు మార్గాలను తనిఖీ చేసే సిబ్బందికి అది ఎంతగానో ఉపయోగపడింది. దానిని తయారుచేయడానికి 1895లో ఒక కర్మాగారం వెలసింది. ఇనుము కోసే ధ్వనులు, నూనె వాసనలు, తిరిగే చక్రాలు - వీటి నడుమ రాల్ఫ్ బాల్యం గడిచింది.

ఆ పని వాతావరణమే అతని జీవితంలో పెద్ద విషాదానికి కూడ కారణమయింది. ఐదేళ్ల ప్రాయంలో ఒకనాడు అతడు మూసి ఉన్న ఒక సొరుగును కత్తితో తెరవడానికి ప్రయత్నించాడు. కత్తి జారి ఒక కంటికి గుచ్చుకొంది. ఆ కన్ను పోయింది. గాయపడిన కంటి ప్రభావం రెండవ కంటికి సోకడం వైద్యశాస్త్రంలో తెలిసిన విషయమే. నేడు దానిని నివారించే మందులు ఉన్నాయి. ఆనాటి వైద్యులకు ఆ అవకాశం లేకపోయింది. ఏడాది తిరగకముందే రెండవ కంటి చూపు కూడ పూర్తిగా పోయింది.

ఇటువంటి ఆపద సంభవించినపుడు తల్లిదండ్రులు బిడ్డను జాలితో కట్టిపడవేయడం సహజం. జాన్, కేట్ దంపతులు అలా చేయలేదు. కుమారునిలో ఏ లోపమూ లేనట్లే పెంచారు. తోటి పిల్లలతో ఆడుకోనిచ్చారు, స్థానిక పాఠశాలకే పంపారు, కర్మాగారంలో తిరగనిచ్చారు, పనిముట్లను అతని చేతికి ఇచ్చారు. కత్తి వల్ల కన్ను పోయిన పిల్లవానికి మళ్లీ పదునైన పనిముట్టు ఇవ్వడానికి ఎంత గుండెనిబ్బరం కావాలో ఊహించవచ్చు. ఆ నిర్ణయమే రాల్ఫ్ జీవితాన్ని నిలబెట్టింది. అతని వ్రేళ్లు క్రమక్రమంగా కన్నులయ్యాయి. ఒక వస్తువును తడిమి దాని ఆకారాన్ని, అమరికను, లోపాన్ని మనస్సులో చిత్రించుకోవడం అలవాటయింది. శబ్దాన్ని బట్టి యంత్రం ఏ స్థితిలో ఉన్నదో గ్రహించే నేర్పు కూడ అబ్బింది.

పన్నెండేళ్ల వయస్సులో అతడు తన జ్ఞాతి సోదరునితో కలిసి ఒక మోటారుబండిని తయారుచేశాడు. అప్పటికి అమెరికాలోనే కార్లు అరుదు. చిన్న పట్టణాల్లో వాటిని చూసినవారే తక్కువ. అటువంటి కాలంలో ఇద్దరు బాలురు, అందులో ఒకడు చూపులేనివాడు, తమ చేతులతో బండిని కూర్చి నడిపించడం ఊరివారికి వింతగొలిపింది.

పాఠశాల విద్య ముగిసిన తరువాత యంత్రశాస్త్రం చదవాలని రాల్ఫ్ నిశ్చయించుకొన్నాడు. అది సామాన్యమైన కోరిక కాదు. ఆ విద్యలో చిత్రలేఖనం ఉంటుంది, కొలతలు ఉంటాయి, ప్రయోగశాలలో తిరిగే యంత్రాలు ఉంటాయి. చూపులేని విద్యార్థి వీటిని ఎలా అభ్యసించగలడని సందేహించడం ఆ రోజుల్లో అందరికీ సహజంగా తోచింది. ఆ సమయంలో దగ్గరి బంధువు నీవా డియర్డార్ఫ్ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఉన్నత విద్య అభ్యసిస్తూ ఉండేది. ఆమె చొరవతో అతనికి అక్కడ ప్రవేశం లభించింది. ఇతరులు పాఠాలు చదివి వినిపిస్తే విని గుర్తుంచుకొన్నాడు. లెక్కలను మనస్సులోనే చేశాడు. ప్రయోగశాలలో వ్రేళ్లతో తడిమి నేర్చుకొన్నాడు. 1912లో యంత్రశాస్త్రంలో పట్టభద్రుడయ్యాడు. సందేహించినవారికి అతడు మాటలతో సమాధానం చెప్పలేదు. అతని పట్టమే సమాధానమయింది.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో రాల్ఫ్ ప్రతిభ లోకానికి తెలిసివచ్చే అవకాశం కలిగింది. న్యూజెర్సీ రాష్ట్రంలోని కామ్డెన్ నౌకానిర్మాణశాలలో నౌకాదళానికి చెందిన డిస్ట్రాయర్ యుద్ధనౌకలు తయారవుతున్నాయి. వాటిని నడిపే ఆవిరి టర్బైన్లలో బరువైన చక్రభాగం అత్యంత వేగంగా తిరుగుతుంది. దాని బరువు అన్ని వైపులా సమంగా లేకపోతే యంత్రం అదిరిపోతుంది, నౌకకే ప్రమాదం కలుగుతుంది. ఈ సమతౌల్యాన్ని సాధించడం అక్కడి నిపుణులకు కష్టసాధ్యమయింది. రాల్ఫ్ టీటర్ తన స్పర్శజ్ఞానంతో అతిసూక్ష్మమైన కంపనాలను గుర్తించి, దోషం ఎక్కడ ఉన్నదో నిర్ణయించి, సరిచేసే పద్ధతిని రూపొందించాడు. కన్నులున్నవారికి కనిపించని దోషం ఆయన వ్రేళ్లకు దొరికింది. ఎందుకంటే అది కంటితో చూడదగినది కాదు, చేతితో వినదగినది.

యుద్ధం ముగిసిన తరువాత ఆయన స్వగ్రామానికి తిరిగివచ్చి కుటుంబ పరిశ్రమలో చేరాడు. అప్పటికి ఆ సంస్థ ఇంజన్ల తయారీని విడిచి పిస్టన్ రింగుల తయారీపై దృష్టి నిలిపింది. పిస్టన్ రింగు చిన్న వస్తువే. కాని ఇంజనులోని శక్తి వృథాగా పోకుండ, నూనె మితిమీరి ఖర్చు కాకుండ కాపాడేది అదే. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఇంజను పాడవుతుంది. ఇటువంటి సున్నితమైన పనికి రాల్ఫ్ టీటర్ వంటి వ్యక్తి దొరకడం ఆ సంస్థ అదృష్టం. ‘పర్‌ఫెక్ట్ సర్కిల్’ అనే పేరుతో అది దేశమంతటా ప్రసిద్ధి పొందింది. 1922 డిసెంబరులో ఆయనకు నెల్లీ వాన్ ఆంట్‌వెర్ప్‌తో వివాహం జరిగింది. వారికి మార్జరీ అనే కుమార్తె కలిగింది. తండ్రి జీవితచరిత్రను ఆమెయే తరువాతి కాలంలో గ్రంథరూపంలో లోకానికి అందించింది.

1936లో రాల్ఫ్ టీటర్ అమెరికాలోని మోటారువాహన ఇంజనీర్ల సంఘానికి అధ్యక్షుడుగా ఎన్నికయ్యాడు. 1905లో స్థాపితమైన ఆ సంఘంలో దేశంలోని గొప్ప యంత్రనిపుణులు సభ్యులు. వారు తమ నాయకుడుగా ఒక అంధుని ఎన్నుకొన్నది జాలి వల్ల కాదు, ఆయన విద్వత్తును ఎరిగి ఎన్నుకొన్నారు. 1946లో ఆయన పర్‌ఫెక్ట్ సర్కిల్ సంస్థకు అధ్యక్షుడయ్యాడు.

ఆయన పేరును చిరస్థాయిగా నిలిపిన సాధనం పుట్టుక ఆసక్తికరమైనది. కారు నడపలేని వ్యక్తి కావడం వల్ల టీటర్ ఎప్పుడూ ప్రక్క సీటులో కూర్చొని ప్రయాణించేవాడు. ఆయన న్యాయవాది హ్యారీ లిండ్సే తరచుగా కారు నడిపేవాడు. లిండ్సేకు ఒక అలవాటు ఉండేది. తాను మాట్లాడేటపుడు కారు వేగం తగ్గించేవాడు, ఎదుటివారి మాట వినేటపుడు పెంచేవాడు. ఆ విధంగా బండి ఊగిసలాడుతూ సాగేది. చూపున్న ప్రయాణికుడైతే కిటికీ వెలుపలి దృశ్యాలను చూస్తూ దానిని పట్టించుకోకపోవచ్చు. శరీరమంతటితో వేగాన్ని గ్రహించే టీటర్‌కు మాత్రం అది దుర్భరమయింది. చోదకుని పాదం మీద ఆధారపడకుండ వేగాన్ని నిలకడగా ఉంచలేమా అనే ఆలోచన ఆయనలో మొలకెత్తింది.

కాలం కూడ ఆ ఆలోచనకు తోడయింది. రెండవ ప్రపంచ యుద్ధం వల్ల అమెరికాలో రబ్బరుకు తీవ్రమైన కొరత ఏర్పడింది. టైర్లను, పెట్రోలును ఆదా చేయడానికి 1942లో ప్రభుత్వం గంటకు 35 మైళ్లకు, అనగా సుమారు 56 కిలోమీటర్లకు, వాహనాల వేగాన్ని పరిమితం చేసింది. అంత తక్కువ వేగాన్ని దాటకుండ నడపడం చోదకులకు కష్టమయింది. వేగపరిమితిని గుర్తుచేసే సాధనం ఉంటే ప్రమాదాలు కూడ తగ్గుతాయని టీటర్ భావించాడు.

ఆయన అనేక సంవత్సరాలు శ్రమించి ఆ సాధనాన్ని రూపొందించాడు. దాని పనితీరు సరళమైనది. చోదకుడు తనకు కావలసిన వేగాన్ని ఎదుటనున్న మీటపై నిర్ణయించుకొంటాడు. కారు కదలికతోపాటు తిరిగే ఒక నియంత్రణ యంత్రం నిజమైన వేగాన్ని కనిపెట్టి ఉంటుంది. ఆ వేగం నిర్ణీత పరిమితిని చేరగానే యాక్సిలరేటర్ పాదానికి ఎదురొత్తుతుంది. పరిమితి వచ్చినదని చోదకునికి కన్ను కాక పాదమే చెబుతుంది. స్పర్శతో లోకాన్ని తెలుసుకొన్న వ్యక్తి ఇతరులకు కూడ స్పర్శతోనే హెచ్చరిక చేయాలని తలచడం ఎంతో సహజం. ఈ సాధనానికి 1950 ఆగస్టులో పేటెంటు హక్కు లభించింది. ఆ తరువాత వేగాన్ని అదే స్థాయిలో పట్టి ఉంచే ఏర్పాటు కూడ చేరింది. బ్రేకుపై పాదం మోపిన మరుక్షణం అది విడిపోయి, బండి పూర్తిగా చోదకుని వశమవుతుంది.

ఆ సాధనానికి మొదట పలు పేర్లు అనుకొన్నా, చివరకు ‘స్పీడోస్టాట్’ అనే పేరు స్థిరపడింది. 1958లో క్రైస్లర్ సంస్థ తన ఖరీదైన కార్లలో దానిని ‘ఆటో పైలట్’ అనే పేరుతో ప్రవేశపెట్టింది. కాడిలాక్ కార్లలో దానికి పెట్టిన ‘క్రూయిజ్ కంట్రోల్’ అనే పేరు లోకంలో నిలిచిపోయింది. 1973లో చమురు సంక్షోభం వచ్చినపుడు నిలకడైన వేగం వల్ల ఇంధనం ఆదా అవుతుందని ప్రజలు గుర్తించారు. దానితో ఆ సాధనానికి ఆదరణ మరింత పెరిగింది.

టీటర్ కృషి దీనితోనే పరిమితం కాలేదు. యంత్రంతో నడిచే పచ్చికకోత బండి, తాళాల అమరికలు, చేపల గాలపు కర్రను పట్టి ఉంచే సాధనం వంటివి కూడ ఆయన రూపొందించాడు. యంత్రశాస్త్రం బోధించే యువ అధ్యాపకులను ప్రోత్సహించడానికి ఆయన పేరుతో మోటారువాహన ఇంజనీర్ల సంఘం ఒక పురస్కారాన్ని ఇస్తూ వచ్చింది. రాల్ఫ్ టీటర్ 1982 ఫిబ్రవరి 15వ తేదీన తన తొంభై ఒకటవ ఏట కన్నుమూశాడు. 1988లో అమెరికా మోటారువాహన ప్రముఖుల కీర్తిమందిరంలో ఆయనకు స్థానం లభించింది.

ఆయన నాటిన బీజం ఆయన తరువాత పెద్ద వృక్షమయింది. ఆయన సాధనం వేగాన్ని నిలపగలదు కాని, ముందు ఏమున్నదో గ్రహించలేదు. ఎదుట నెమ్మదిగా పోయే లారీ ఉన్నా అదే వేగంతో సాగుతుంది. ఆ కొరతను తరువాతి తరం తీర్చింది. 1999లో మెర్సిడెస్ బెంజ్ సంస్థ రాడార్ సహాయంతో ముందున్న వాహనానికి తగిన దూరం పాటించే క్రూయిజ్ కంట్రోల్‌ను తన కార్లలో ప్రవేశపెట్టింది. ఆ తరువాత కెమెరాలు వచ్చాయి. రహదారి గీతలను గుర్తించి బండిని వరుస తప్పకుండ నడిపేవి, ఆపద ఎదురైతే తమంతట తామే బ్రేకు వేసేవి, ప్రక్కనుండి వచ్చే వాహనాన్ని గూర్చి హెచ్చరించేవి, ఇలా ఎన్నో సాధనాలు చేరాయి. ఇవి 2020 తరువాత భారతదేశంలో అమ్ముడయ్యే మధ్యతరగతి కార్లలో కూడ కనిపించసాగాయి. యంత్రం ఎంతవరకు నడుపుతుంది, మనిషి ఎంతవరకు నడపాలి అనే విషయాన్ని సున్న నుండి ఐదు వరకు ఆరు స్థాయులుగా విభజించి 2014లో ఒక ప్రమాణపత్రం వెలువడింది. దానిని ప్రకటించినది టీటర్ ఒకనాడు అధ్యక్షత వహించిన సంఘమే.

అయితే సహాయం వేరు, బాధ్యత వేరు. కుండపోత వానలో, దట్టమైన పొగమంచులో, గీతలు చెరిగిపోయిన రోడ్డుపై కెమెరా, రాడార్ పొరపడవచ్చు. హఠాత్తుగా అడ్డువచ్చే పశువును, తప్పుదారిలో ఎదురువచ్చే బండిని అవి సకాలంలో గుర్తించకపోవచ్చు. ప్రస్తుతం సామాన్యంగా లభించే చోదక సహాయ సాధనాలన్నీ మనిషి మెలకువగా ఉంటాడనే నమ్మకంతోనే తయారయ్యాయి. యంత్రం చూసుకొంటుందని స్టీరింగు వదిలివేసి ఫోనులో మునిగేవానికి ఆ సాధనం రక్ష కాదు, ప్రమాదమే. టీటర్ సాధనం బ్రేకు తాకగానే తప్పుకొనేటట్లు నిర్మితమయింది. తుది అధికారం మనిషిదేనని అందులోని అంతరార్థం.

చూపు లేని టీటర్ తన చుట్టూ జరిగే ప్రతి కదలికను అప్రమత్తతతో గమనించాడు. చూపున్న మనం ఆ అప్రమత్తతను యంత్రానికి అప్పగించి నిద్రించడం ఆయన ఆశయానికి విరుద్ధం. లోపాన్ని తలచుకొని కుంగిపోని ధైర్యం, తనకు కలిగిన అసౌకర్యంలో పదిమంది మేలును చూడగలిగిన బుద్ధి, చేతిలోని పనిపై నిలిపే ఏకాగ్రత - ఇవి రాల్ఫ్ టీటర్ జీవితం నుండి యువతరం గ్రహించవలసిన పాఠాలు.