జార్జ్ సైమన్ ఓమ్

జార్జ్ సైమన్ ఓమ్ (మార్చి 16, 1789 – జూలై 6, 1854) ప్రముఖ జర్మన్ భౌతిక శాస్త్రవేత్త, గణిత శాస్త్రవేత్త. తీగలో ప్రవహించే విద్యుత్తుకు, దానిని నడిపించే వోల్టేజికి, తీగ కలిగించే నిరోధానికి మధ్యగల సంబంధాన్ని ప్రయోగపూర్వకంగా నిరూపించాడు. ఈ సంబంధమే ఓమ్ నియమముగా ప్రసిద్ధి చెందింది. విద్యుత్ నిరోధపు ప్రమాణానికి ఇతని పేరే పెట్టారు.

బాల్యము, విద్యాభ్యాసము

ఓమ్ బవేరియా ప్రాంతంలోని ఎర్లాంగెన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి జోహాన్ వోల్ఫ్‌గాంగ్ ఓమ్ తాళాలు చేసే వృత్తిలో ఉండేవాడు. ఈయన బడిచదువు లేకున్నా స్వయంకృషితో గణితము, శాస్త్రములు నేర్చుకొని, వాటిని తన కుమారులకు తానే బోధించాడు. తల్లి మరియా ఎలిజబెత్, ఓమ్‌కు పదేళ్ల వయసులో మరణించింది. ఏడుగురు సంతానంలో ముగ్గురు మాత్రమే బ్రతికారు. వారిలో ఒకడైన తమ్ముడు మార్టిన్ ఓమ్ తరువాత గణిత శాస్త్రవేత్తగా పేరు పొందాడు.

1805లో ఓమ్ ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అయితే నృత్యము, బిలియర్డ్స్, మంచుపై జారే ఆటలలో కాలం గడుపుతున్నాడని తండ్రి ఆగ్రహించి చదువు మాన్పించాడు. 1806లో ఓమ్ స్విట్జర్లాండు వెళ్లి ఒక పాఠశాలలో గణితం బోధించాడు. అక్కడ ఉన్నకాలంలో ఆయిలర్, లాప్లాస్ గ్రంథాలను సొంతంగా అధ్యయనం చేశాడు. 1811లో ఎర్లాంగెన్‌కు తిరిగివచ్చి అదే సంవత్సరం డాక్టరేటు పట్టా పొందాడు.

ప్రయోగములు

చాలీచాలని జీతంతో బోధనా వృత్తి సాగించిన ఓమ్, 1817లో కొలోన్ నగరంలోని ఉన్నత పాఠశాలలో గణిత, భౌతిక శాస్త్రాల అధ్యాపకుడయ్యాడు. అక్కడ మంచి ప్రయోగశాల ఉండేది. విద్యుత్ ప్రవాహం అయస్కాంత సూచిని కదిలిస్తుందని 1820లో ఓర్‌స్టెడ్ కనుగొన్న తరువాత, ఓమ్ దృష్టి విద్యుత్తు వైపు మళ్లింది.

1825లో ప్రచురించిన మొదటి పత్రంలో ఇతడు ఇచ్చిన సూత్రం సరికాదు. వోల్టా ఘటం వలయంలో కలిపిన వెంటనే బలహీనపడటం వలన కొలతలు నిలకడగా ఉండేవి కావు. పొగెన్‌డార్ఫ్ సలహాపై ఓమ్ ఘటాన్ని వదలి, బిస్మత్, రాగి లోహాలను కలిపిన ఉష్ణయుగ్మాన్ని వాడాడు. ఒక కొనను మరిగే నీటి వేడిలోను, మరొక కొనను మంచులోను ఉంచితే స్థిరమైన వోల్టేజి లభించింది. వేర్వేరు పొడవుల రాగి తీగలను వలయంలో కలిపి, పురితీగకు వ్రేలాడదీసిన అయస్కాంత సూచి ద్వారా ప్రవాహాన్ని కొలిచాడు. తీగ పొడవు పెరిగినకొద్దీ ఏ లెక్కన ప్రవాహం తగ్గుతుందో 1826లో వెల్లడించాడు. వలయంలోని మిగిలిన భాగాల నిరోధాన్ని కూడా ఈ లెక్కలో చేర్చాడు. 1827లో బెర్లిన్‌లో ప్రచురించిన గ్రంథంలో ఈ సిద్ధాంతాన్ని సంపూర్ణంగా వివరించాడు.

నిరాదరణ, గుర్తింపు

ఈ గ్రంథానికి జర్మనీలో ఆదరణ లభించలేదు. ప్రకృతిని గణితంతో వివరించే పద్ధతిని అప్పటి పండితులు కొందరు అంగీకరించలేదు. విశ్వవిద్యాలయ పదవి ఆశించిన ఓమ్ నిరాశచెంది, 1828లో కొలోన్ ఉద్యోగానికి రాజీనామా చేశాడు. 1833లో న్యూరెంబర్గ్ పాలిటెక్నిక్‌లో చేరేవరకు స్థిరమైన పదవి లేదు. లండన్ రాయల్ సొసైటీ 1841లో కోప్లే పతకం ఇచ్చి, 1842లో విదేశీ సభ్యునిగా ఎన్నుకున్నది. చివరకు 1852లో, మరణానికి రెండేళ్ల ముందు, మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్ర ఆచార్య పదవి లభించింది. ఆ నగరంలోనే మరణించాడు.

ఓమ్ నియమము, విద్యుత్ సామర్థ్యము

ఉష్ణోగ్రత మారనంతవరకు, లోహపు తీగలో ప్రవాహం దాని కొనల మధ్యనున్న వోల్టేజికి అనులోమానుపాతంలో ఉంటుంది. కనుక

నిరోధం = వోల్టేజి ÷ ప్రవాహం

ప్రవాహం వలన తీగలో పుట్టే వేడి, ప్రవాహపు వర్గానికి అనుపాతంలో ఉంటుందని 1840 దశకం ఆరంభంలో జేమ్స్ జౌల్ చూపాడు. దీనికి ఓమ్ నియమం తోడైతే

సామర్థ్యం = వోల్టేజి × ప్రవాహం = ప్రవాహం × ప్రవాహం × నిరోధం

ఉదాహరణకు, 230 వోల్టుల వద్ద 1000 వాట్ల హీటరు సుమారు 4.35 ఆంపియర్లు తీసుకుంటుంది. దాని నిరోధం సుమారు 52.9 ఓములు.

రైతుకు కూడా ఈ లెక్క అవసరమే. గోదావరి, మంజీర కలిసే కందకుర్తి వద్దనో, బోధన్ చెరకు పొలాలలోనో ఒకరు స్తంభానికి చాలా దూరంలో సింగిల్ ఫేజ్ మోటారు బిగించారనుకుందాం. రానుపోను తీగల మొత్తం నిరోధం 3 ఓములు, ప్రవాహం 8 ఆంపియర్లు అయితే, తీగలలోనే 24 వోల్టులు తగ్గిపోతాయి. స్తంభం వద్ద 230 వోల్టులున్నా మోటారుకు దాదాపు 206 వోల్టులే అందుతాయి. 192 వాట్లు తీగలను వేడిచేయడానికే ఖర్చవుతాయి. తక్కువ వోల్టేజి వద్ద అదే బరువు లాగవలసిన మోటారు ఎక్కువ ప్రవాహం తీసుకొని, చుట్టలు వేడెక్కి కాలిపోవచ్చు. తీగ మందం, అనగా అడ్డుకోత వైశాల్యం, రెట్టింపైతే నిరోధం సగమవుతుంది. దూరానికి తగిన మందపు తీగ వాడమని చెప్పడానికి కారణం ఇదే. ఏకాంతర విద్యుత్తులో మోటారు సామర్థ్యం లెక్కించేటప్పుడు పవర్ ఫ్యాక్టరుతో కూడా గుణించాలి.

స్మారకము

1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ సమావేశం నిరోధపు ప్రమాణానికి ఓమ్ అనే పేరును ఆమోదించింది. వోల్టా పేరున వోల్టు, ఆంపియర్ పేరున ఆంపియరు కూడా అక్కడే స్థిరపడ్డాయి. దీనిని గ్రీకు అక్షరం ఒమేగాతో సూచిస్తారు.