నాగలి పట్టిన పాటగాడు రాబర్ట్ బర్న్స్

స్కాట్లండ్ ప్రజాకవి రాబర్ట్ బర్న్స్ 1759 జనవరి 25న అల్లోవే గ్రామంలో, తండ్రి తన చేత్తో కట్టిన మట్టి ఇంట్లో పుట్టాడు. వాళ్లది కౌలు సేద్యం. సారం లేని నేల, మోయలేని కౌలు. పదిహేనేళ్లకే రాబర్ట్ పెద్ద పాలేరు పనంతా చేశాడు. భూమి యజమానితో కోర్టు తగాదాలో చితికిపోయి తండ్రి 1784లో చనిపోయాడు.

తల్లి యాగ్నెస్‌కు రాయడం రాదు. పాత పాటలు మాత్రం ఎన్నో కంఠతా వచ్చు. కొడుక్కి దక్కిన ఆస్తి అదే.

1786లో 612 ప్రతులతో వచ్చిన మొదటి పుస్తకం ఆయనకు పేరు తెచ్చింది. అది రాకముందు, బతుకుతెరువు కోసం జమైకా బానిసల తోటలో గుమాస్తాగా పోవడానికి సిద్ధపడ్డాడు. ఇది మచ్చే. దాచనక్కర్లేదు.

ఆ తర్వాత పల్లెల్లో పాటలు ఏరి, బాగుచేసి, డబ్బు కోసం కాకుండా అచ్చుకిచ్చాడు. 1794లో వచ్చిన ఎర్ర గులాబీ పాట చూడండి. నాలుగు పాదాల చరణాలు. ఒక పాదంలో నాలుగు ఊనికలు, తర్వాతి దాంట్లో మూడు. పొడుగు, పొట్టి, మళ్లీ పొడుగు, పొట్టి. మన పద్యంలో ప్రాస రెండో అక్షరం మీద పడుతుంది. ఇక్కడ రెండో పాదం చివర, నాలుగో పాదం చివర పడుతుంది. రెండో చరణం ఏ మాటతో ముగిసిందో, మూడో చరణం ఆ మాటతోనే ఎత్తుకుంటుంది. ఇది సింగారం కాదు. చదువు రానివాళ్లకు జ్ఞాపకమే పుస్తకం. ఒక ముక్క గుర్తుంటే రెండోది దానంతటదే నోటికొస్తుంది.

1789లో సుంకం శాఖలో ఉద్యోగం దొరికింది. ఫ్రెంచి విప్లవాన్ని అభిమానించినందుకు, 1792 చివర పైఅధికారులు ఆయన విధేయతపై విచారణ పెట్టారు. ఇంట్లో భార్యాబిడ్డలున్నారు, నోరు జారితే కూడు పోతుంది. అయినా 1795లో మనుషులంతా సమానమని పాట కట్టాడు. అది పేరు లేకుండా అచ్చయింది. అందులో బిరుదులు, పట్టుబట్టలు, ప్రభువుల డాబు ఒక్కొక్కటే వస్తాయి. "అయితే ఏంటి" అన్నట్టు ఒకే చిన్న మాట మళ్లీ మళ్లీ వచ్చి ప్రతిదాన్నీ పడగొడుతుంది. ఇక్కడ పునరుక్తి సమ్మెట దెబ్బ.

1796 జులై 21న, 37 ఏళ్ల వయసులో బర్న్స్ చనిపోయాడు. 1999 జులై 1న స్కాట్లండ్ పార్లమెంటు ప్రారంభంలో, రాణి ఎదుటే ఈ పాట పాడారు. ఆఖరి చరణానికి సభ్యులంతా గొంతు కలిపారు.

పాట కట్టే కార్యకర్తలు గమనించాలి: జనం అందుకునే చోటు ఉంటేనే పాట జనానిదవుతుంది.