ఒక్కడే.. ఒక్క పడవ.. 46 వేల మైళ్లు! ఈత కూడా రాని కెప్టెన్ ప్రపంచాన్ని ఎలా చుట్టొచ్చాడంటే..?

ఆలంపూర్: తుంగభద్ర ఒడ్డున పొద్దున్నే నిలబడితే ఓ దృశ్యం కనిపిస్తుంది. గుండ్రటి పుట్టి.. అందులో ఒకే ఒక్క మనిషి.. చేతిలో తెడ్డు, పక్కన వల. చూసేవాళ్లకి సరదాగానే ఉంటుంది. కానీ ఆ పుట్టిలో ఉన్న మనిషికి తెలుసు.. నడి ఏట్లో తేడా వస్తే చెయ్యి అందించేవాళ్లు ఎవరూ ఉండరని. 2009 అక్టోబర్ వరద చూసిన ఆలంపూర్‌కి నీటి బలమేంటో కొత్తగా చెప్పక్కర్లేదు.

మరి ఏట్లో కాదు.. మహాసముద్రాల్లో, తెరచాప పడవ మీద, మూడేళ్లకు పైగా ఒంటరిగా తిరిగిన మనిషి ఒకరున్నారు. ఇంజిన్ లేదు. రేడియో లేదు. ఆ మాటకొస్తే ఆయనకి ఈత కూడా రాదు! ఆయనే కెప్టెన్ జాషువా స్లోకమ్. ఒంటరిగా పడవలో భూగోళాన్ని చుట్టొచ్చిన మొట్టమొదటి మనిషి. ఆయన కథ వింటే ధైర్యం కన్నా ముఖ్యమైంది ఇంకొకటి ఉందని అర్థమవుతుంది.

వంట కుదరలేదని గెంటేశారు!

స్లోకమ్ 1844 ఫిబ్రవరి 20న కెనడాలోని నోవా స్కోషియాలో పుట్టాడు. తండ్రి బూట్లు తయారు చేసేవాడు. కొడుకు కూడా అదే పని నేర్చుకోవాలని ఆయన పట్టుదల. పిల్లాడి మనసేమో సముద్రం మీద. 14 ఏళ్లకే ఇంట్లోంచి పారిపోయి చేపల ఓడలో వంటవాడిగా చేరాడు. చేసిన వంట నోట పెట్టలేక ఓడలోవాళ్లు అతన్ని వెంటనే పంపించేశారు. అయినా వదల్లేదు. 16 ఏళ్లకి మళ్లీ ఓడెక్కాడు. కింది స్థాయి పని నుంచి మొదలుపెట్టి కెప్టెన్ దాకా ఎదిగాడు.

1871లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో వర్జీనియా వాకర్‌ని పెళ్లి చేసుకున్నాడు. ఆవిడ కూడా భర్తతో పాటే ఓడలో కాపురం పెట్టింది. పిల్లలు పుట్టింది, పెరిగింది సముద్రం మీదే.

దెబ్బ మీద దెబ్బ

1884లో బ్యూనస్ ఎయిర్స్ దగ్గర ఓడలోనే వర్జీనియా చనిపోయింది. అప్పటికి ఆవిడ వయసు 34 ఏళ్లే. ఆ దెబ్బ నుంచి స్లోకమ్ పూర్తిగా కోలుకోలేదని అంటారు. తర్వాత హెన్రియెట్టాని రెండో పెళ్లి చేసుకున్నాడు. 1887లో బ్రెజిల్ తీరంలో ఆయన సొంత ఓడ ఇసుకలో కూరుకుపోయి ముక్కలైంది. ఊరు కాని ఊళ్లో భార్య, ఇద్దరు కొడుకులతో చిక్కుబడిపోయాడు. ఏం చేశాడో తెలుసా? సొంతంగా 35 అడుగుల పడవ కట్టుకుని, కుటుంబాన్ని ఎక్కించుకుని 5 వేల మైళ్లకు పైగా ప్రయాణించి అమెరికా చేరాడు!

అప్పటికే ఆవిరి ఓడల కాలం వచ్చేసింది. తెరచాప ఓడల కెప్టెన్లకి పని దొరకడం లేదు. అనుభవం కొండంత.. చేతిలో ఉద్యోగం సున్నా!

పొలంలో పాత పడవ

1892లో తెలిసిన కెప్టెన్ ఒకాయన స్లోకమ్‌కి ఓ ఓడ ఇస్తానన్నాడు. మసాచుసెట్స్‌లోని ఫెయిర్‌హేవెన్‌కి వెళ్లి చూస్తే.. పొలంలో గట్టున పడి ఉన్న పాత పడవ! పేరు 'స్ప్రే'. వేరే ఎవరైనా అయితే నవ్వి వెనక్కి వచ్చేసేవాళ్లు. స్లోకమ్ మాత్రం గొడ్డలి పట్టుకున్నాడు. ఓక్ చెట్టు నరికి, ఒక్కో చెక్క మార్చుకుంటూ 13 నెలలు పనిచేశాడు. ఖర్చు 553 డాలర్ల 62 సెంట్లు. దాదాపు 37 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పున్న ఆ పడవలో ఆయనకి తెలియని మేకు లేదు. అసలు రహస్యం ఇక్కడే ఉంది. ఒంటరిగా వెళ్లేవాడికి పడవే తోడు. దాని బలమేంటో, బలహీనతేంటో తెలియకపోతే నడి సంద్రంలో చెప్పేవాళ్లుండరు.

51 ఏళ్ల వయసులో.. ఒంటరిగా!

1895 ఏప్రిల్ 24న బోస్టన్ నుంచి స్ప్రే బయల్దేరింది. ఆయన వెంట ఉన్న గడియారం డాలర్‌కి కొన్న రేకు గడియారం. ముఖం పగిలి ఉందని అంగడివాడు ధర తగ్గించాడట! ఓ పాత చిన్న పడవని సగానికి కోసి వెంట పెట్టుకున్నాడు. ఒడ్డుకి వెళ్లడానికి అదే, బట్టలు ఉతకడానికీ అదే!

ఒక్కడే ఉంటే చుక్కాని దగ్గర ఎవరు కూర్చోవాలి? నిద్ర ఎప్పుడు పోవాలి? దీనికి స్ప్రే నిర్మాణమే జవాబు. పడవ అడుగు పొడవుగా, నిలకడగా ఉండేది. తెరచాపల్ని గాలికి తగ్గట్టు సర్ది, చుక్కానిని తాడుతో కట్టేస్తే పడవ తన దారిన తానే పోయేది. హిందూ మహాసముద్రంలో 2,700 మైళ్లు 23 రోజుల్లో దాటితే, అన్ని రోజుల్లో కలిపి చుక్కాని పట్టుకుంది సుమారు 3 గంటలే!

దొంగలు వెంటపడితే చాప తగ్గించాడు!

మొరాకో తీరంలో దోపిడీ దొంగల పడవ వెంటపడింది. ఎవరైనా ఏం చేస్తారు? ఉన్న చాపలన్నీ విప్పి పారిపోతారు. గాలి మరీ ఎక్కువగా ఉందని గమనించిన స్లోకమ్, పడవకి ప్రమాదమని తెరచాప తగ్గించాడు. దొంగలు మాత్రం నిండు చాపతో దూసుకొచ్చారు. పెద్ద అల ఒకటి కొట్టింది. స్ప్రే దెబ్బ తిన్నా నిలబడింది. దొంగల పడవ తెరచాప కొయ్యే విరిగిపోయింది!

దక్షిణ అమెరికా కొసన మెజిలాన్ జలసంధిలో రాత్రిపూట దోచుకుంటారని తెలిసినాయన ఒకరు హెచ్చరించి, సంచెడు చిన్న మేకులు ఇచ్చాడు. పడుకునే ముందు వాటిని పడవ పైభాగమంతా చల్లాడు. అర్ధరాత్రి చెప్పుల్లేకుండా ఎక్కినవాళ్లు కేకలు పెడుతూ నీళ్లలోకి దూకేశారు!

అన్నిసార్లూ తెలివి పనిచేయలేదు. ఉరుగ్వే తీరంలో స్ప్రే ఇసుకలో కూరుకుపోయింది. లంగరు వేయడానికి చిన్న పడవలో వెళ్తే అది బోల్తా పడింది. ఈత రాని మనిషి.. పడవ అంచు పట్టుకుని వేలాడి, చాలాసేపు పెనుగులాడి ప్రాణం దక్కించుకున్నాడు.

ఒంటరితనాన్ని ఎలా గెలిచాడు?

మొదట్లో ఒంటరితనం బాగా బాధించింది. మాట్లాడటం మర్చిపోతానేమోనని తనకి తానే గట్టిగా ఆర్డర్లు వేసుకునేవాడు. పాటలు పాడేవాడు. పుస్తకాలు చదివేవాడు. వేడిగా వండుకుని తినేవాడు. రాబిన్సన్ క్రూసో కథకి మూలమైన హువాన్ ఫెర్నాండెజ్ దీవిలో దిగి, జనానికి కాఫీ, డోనట్లు పెట్టి వాటి తయారీ కూడా నేర్పాడు. సెయింట్ హెలీనాలో తోడుగా ఉంటుందని ఎవరో మేకనిచ్చారు. అదేమో ఆయన సముద్ర పటాన్ని, టోపీని నమిలేసింది!

1898 జూన్ 27న స్ప్రే న్యూపోర్ట్ చేరింది. మొత్తం 46 వేల మైళ్లకు పైగా ప్రయాణం. 1900లో వచ్చిన ఆయన పుస్తకం ప్రపంచమంతా పేరు తెచ్చింది.

చివరికి ఏమైంది?

తర్వాత మార్తాస్ వైన్‌యార్డ్ దీవిలో పొలం కొన్నాడు. వ్యవసాయంలో మనసు నిలవలేదు. 1909 నవంబర్‌లో, 65 ఏళ్ల వయసులో అదే పడవలో మళ్లీ ఒంటరిగా దక్షిణం వైపు బయల్దేరాడు. అప్పటికి మనిషీ అలిసిపోయాడు, పడవా పాతబడిపోయింది. అంతే.. మళ్లీ ఎవరికీ కనిపించలేదు. 1924లో చట్టప్రకారం చనిపోయినట్టు ప్రకటించారు.

స్లోకమ్ తర్వాత ఎంతోమంది ఆ దారిలో నడిచారు. 2009-10లో కమాండర్ దిలీప్ దొండే ఐఎన్‌ఎస్‌వీ మాదేయిలో ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టొచ్చిన తొలి భారతీయుడయ్యారు. 2017-18లో ఆరుగురు మహిళా నేవీ అధికారులు ఐఎన్‌ఎస్‌వీ తారిణిలో భూగోళాన్ని చుట్టారు. వాళ్లలో హైదరాబాద్‌కి చెందిన ఐశ్వర్య బొడ్డపాటి, విశాఖకి చెందిన స్వాతి పాతర్లపల్లి ఉన్నారు. ఈ రోజుల్లో ఒంటరిగా వెళ్లేవాళ్లు ఒంటికి హార్నెస్ వేసుకుని, దాని తాడుని పడవకి బిగించుకుంటారు. శాటిలైట్ ఫోన్ ఉంటుంది. స్లోకమ్‌కి ఇవేవీ లేవు.

ఉన్నదల్లా ముందుచూపే. గాలి పెరగకముందే చాప తగ్గించాడు, పడుకోకముందే మేకులు చల్లాడు. పడవని నమ్మకముందే తన చేతుల్తో కట్టుకున్నాడు. భయం తగ్గింది కాబట్టే పాటలు పాడుకోగలిగాడు. చివరి ప్రయాణంలో మాత్రం, ఈత రాని ఆ కెప్టెన్‌ని సముద్రం వెనక్కి పంపలేదు.

తుంగభద్రలో పుట్టి ఎక్కినా ఇదే లెక్క. లైఫ్ జాకెట్ వేసుకోండి. ఎటు వెళ్తున్నారో ఒడ్డున ఒకరికి చెప్పండి. వరద నీళ్లు కనిపిస్తే ఆ రోజుకి ఆగిపోండి. ఏరు ఎక్కడికీ పోదు.. రేపు కూడా అక్కడే ఉంటుంది!