ఉప్పునీటి లెక్క తేల్చిన రౌల్ట్

రసాయన శాస్త్రం చదివే మాబోటివాళ్ళకు రౌల్ట్ అంటే ఒక నియమం, పరీక్షలో వచ్చే ఒక ప్రశ్న. అంతే. ఆ పేరు వెనక ఒక మనిషి ఉన్నాడని క్లాసులో ఎవరూ చెప్పరు. అందుకే ఈ నాలుగు ముక్కలు వ్రాస్తున్నాను.

ఫ్రాంస్వా మరీ రౌల్ట్ 1830లో ఉత్తర ఫ్రాన్సులో ఒక చిన్న ఊళ్ళో పుట్టాడు. (ఆయన పేరులో చివరి 'ట్' ఫ్రెంచివారు పలకరు. మన పుస్తకాల్లో అలవాటైపోయింది కనుక నేనూ అలాగే వ్రాస్తున్నాను.) పారిస్‌లో చదువు మొదలుపెట్టాడు గాని డబ్బు చాలలేదు. ఉద్యోగంలో చేరి, ఊళ్ళు మారుతూ పాఠాలు చెప్పుకుంటూనే 1863లో, ముప్ఫై మూడో ఏట, డాక్టరేటు సంపాదించాడు. 1867లో గ్రెనోబుల్ వెళ్ళాడు, 1870లో ప్రొఫెసరయ్యాడు. ఇక చివరిదాకా అక్కడే.

ఆయన చేసిన పని చూడబోతే చాలా మామూలుగా ఉంటుంది. ద్రవంలో ఏదో ఒకటి కరిగించడం, ఎన్ని డిగ్రీల వద్ద గడ్డకడుతుందో, బాష్పపీడనం ఎంత తగ్గుతుందో కొలవడం. ఏళ్ళ తరబడి ఇదే! నీటి బాష్పపీడనం బయటి గాలి పీడనంతో సమానమైతేనే కదా నీళ్ళు మరిగేది. కరిగిన పదార్థం ఆ పీడనాన్ని తగ్గిస్తుంది. మరగాలంటే ఇంకాస్త వేడి కావాలి. ఎంత తగ్గుతుందన్నది కరిగిన అణువుల సంఖ్యను బట్టే గాని, అవి ఏ పదార్థానివన్నదాన్ని బట్టి కాదు. 1887 నాటి ఆయన నియమం సారాంశం ఇదే.

అయితే ఉప్పు దగ్గర చిక్కొచ్చింది. కిలో నీటిలో 342 గ్రాముల పంచదార కరిగిస్తే మరుగుస్థానం సుమారు అర డిగ్రీ పెరుగుతుంది. అన్నే అణువుల లెక్కన 58.5 గ్రాముల ఉప్పు వేస్తే దాదాపు ఒక డిగ్రీ! కాల్షియం క్లోరైడుకు ఇంచుమించు మూడింతలు. గడ్డకట్టే లెక్కల్లోనూ లవణాలది ఇదే పేచీ. సూత్రానికి లొంగని ఆ అంకెలను కూడా రౌల్ట్ దాచిపెట్టకుండా అచ్చువేశాడు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది ఇక్కడే.

స్వీడన్ దేశస్థుడు అర్హీనియస్ ఆ అంకెలనే చేతపట్టుకుని, ఉప్పు నీటిలో రెండు అయాన్లుగా విడిపోతుందని 1887లో వాదించాడు. రెండు ముక్కలైతే రెట్టింపు, లెక్క సరిపోయింది.

అన్నట్టు, లీటరు నీటిలో చెంచాడు ఉప్పు, అంటే 5 గ్రాములు, వేస్తే పెరిగేది డిగ్రీలో పదోవంతు కూడా ఉండదు. వంటవాడికి దాంతో పనిలేదు. రౌల్ట్‌కు మాత్రం అంతంత స్వల్పమైన తేడాలతోనే పని.

1892లో లండన్ రాయల్ సొసైటీ ఆయనకు డేవీ పతకం ఇచ్చింది. ద్రావణాల మీద కృషికి వాంటాఫ్‌కు రసాయన శాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి 1901 డిసెంబరులో అందింది. 1903లో అర్హీనియస్‌కు వచ్చింది. రౌల్ట్ 1901 ఏప్రిల్ 1నే గ్రెనోబుల్‌లో కన్నుమూశాడు.